కాటన్ దొరా – బుల్లి ఇంజనూ

కాటన్ దొర పేరు చెప్పగానే మనకు ధవళేశ్వరం ఆనకట్ట గుర్తుకొస్తుంది. గుర్రం మీద కూర్చున్న విగ్రహం గుర్తుకొస్తుంది. గోదావరిలో మునిగి ఆయన పేర తర్పణం విడిచే మనుషులు గుర్తుకొస్తారు. రైలింజను మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. పైగా కాస్త చదువుకున్నవాళ్ళనడిగితే ఆయన రైళ్ళకు బద్ధశత్రువని చెబుతారు. అదీ అబద్ధం కాదు. కాని మన దేశంలో మొట్టమొదట ఇనప పట్టాలు పరిపించి, వాటి మీద ఆవిరి యంత్రాన్ని నడిపించిందీ ఆ దొరే! రైలును అందరికంటే ముందు తెచ్చిన మనిషి, ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు రైలు వద్దు, కాలువ కావాలని ఎందుకు మొత్తుకున్నట్టు? ఈ ప్రశ్న పట్టుకుని ఆయన జీవితాన్ని ఒకసారి తిరగేద్దామని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఇందులో నా స్వార్థమూ కొంత ఉంది. మాది చెరుకుపల్లి. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అటు తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు, ఇటు నిడుబ్రోలు మీదుగా బాపట్ల పోయే మెయిన్ లైను. ఆ రెంటికీ మధ్య మా ఊరు. రైలెక్కాలంటే ముందు బస్సెక్కి రేపల్లెకో నిడుబ్రోలుకో పోవాలి. అయితేనేం, రైలు లేదన్న కారణాన మా వైపు ఎవరూ పస్తుండలేదు. కాలువ రాకముందు మాత్రం వేలకు వేలు మాడి చచ్చారు. కాటన్ జీవితమంతా ఈ తేడాలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. తండ్రికి పదకొండుగురు కొడుకులు, ఈయన పదోవాడు. అంతమంది ఉన్న ఇంట్లో పదోవాడికి ఆస్తి ఏం మిగుల్తుంది? చదువూ ఉద్యోగమే గతి. విచిత్రమేమంటే ఆయన పుట్టిన మరుసటి ఏడే, 1804 ఫిబ్రవరి 21న, వేల్సులోని పెనిడారెన్ ఇనప కార్ఖానా దగ్గర రిచర్డ్ ట్రెవితిక్ అనే ఇంజనీరు ఆవిరి ఇంజనును పట్టాల మీద నడిపించి చూపించాడు. పది టన్నుల ఇనుమునూ, బండ్లెక్కి కూర్చున్న డెబ్బై మందినీ ఆ యంత్రం తొమ్మిది మైళ్ళ పైన లాగింది. ఇంజను గట్టిదే, పట్టాలే విరిగాయి. అయిదు టన్నుల బరువును ఆనాటి పోత ఇనప పట్టాలు మోయలేకపోయాయి. ఇంజను బరువెక్కితే పట్టా విరుగుతుంది, తేలికయితే చక్రానికి పట్టు చాలదు. చిన్న ఇంజన్ల కథంతా ఈ ఇరకాటం చుట్టూనే తిరుగుతుంది.

కాటన్ ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. 1821లో మద్రాసులో దిగేనాటికి పద్దెనిమిదేళ్ళు. మన కాలేజీలో మొదటి సంవత్సరం చేరే కుర్రాడి వయసన్నమాట. బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చాడు, పంబన్ దగ్గర సముద్రపు దారి సర్వే చేశాడు, ఆ తర్వాత కావేరికి చేరాడు. ఆయన అసలు చదువు అక్కడ మొదలయింది. చోళుల కాలపు కల్లణ ఆనకట్ట ఇసకలోనే పునాది వేసుకుని అన్ని శతాబ్దాలుగా నిలబడి ఉండటం కళ్ళారా చూశాడు. గట్టి రాయి తగిలేదాకా తవ్వనక్కర్లేదు, ఇసక మీదే పద్ధతిగా రాయి పేర్చి నదిని నిలపవచ్చునన్న కిటుకు ఆయనకు చెప్పింది సీమ ప్రొఫెసర్లు కారు, ఆ పాత కట్టే. 1836 నాటికి కొల్లడం మీద రెండు ఆనకట్టలు కట్టి ఆ కిటుకును తన చేతులతో నిరూపించుకున్నాడు.

ఈలోగా సీమలో రైలు యుగం మొదలయింది. 1829లో రెయిన్‌హిల్ పందెంలో స్టీఫెన్సన్ల రాకెట్ ఇంజను నెగ్గింది. దాని బరువు నాలుగుంబావు టన్నులే. ఈ కబుర్లు ఓడలెక్కి మద్రాసు చేరుతూనే ఉన్నాయి. కాటన్ ఊరుకునే రకం కాదు. మద్రాసు రోడ్లకు కావలసిన ఎర్రరాయి ఊరికి ఉత్తరాన రెడ్‌హిల్స్ దగ్గర దొరుకుతుంది. దాన్ని ఎడ్లబండ్ల మీద తోలేసరికి కూలి తడిసి మోపెడవుతోంది. అక్కణ్ణించి చింతాద్రిపేట వంతెన దాకా ఇనప పట్టాలు వేయించాడు. అది 1837. బొంబాయి నుంచి ఠాణాకు మొదటి ప్రయాణీకుల రైలు నడిచింది 1853లో. అంటే దానికి పదహారేళ్ళ ముందే మన దక్షిణాదిలో రాళ్ళబండ్లు పట్టాల మీద నడిచాయన్నమాట.

ఈ రెడ్‌హిల్స్ లైను మీద నడిచిన ఇంజను మామూలుది కాదు. రాకెట్‌లాగా సిలిండరూ, అందులో ముందుకూ వెనక్కూ ఆడే పిస్టనూ దీనికి లేవు. విలియం అవెరీ అనే అమెరికన్ 1831లో పేటెంటు పుచ్చుకున్న తిరుగుడు యంత్రం ఇది. బోలుగా ఉన్న ఇరుసుకు రెండు బోలు చేతులు, ఆ చేతుల చివర్ల సన్నని కంతలు. ఆవిరి ఇరుసులోంచి చేతుల్లోకి పోయి, కంతల్లోంచి బుస్సున బయటికి తన్నుతుంది. ఆ తన్నుడుకు చేతులు ఎదురు దిక్కుకు గిర్రున తిరుగుతాయి. దీపావళినాడు మనం కాల్చే విష్ణుచక్రం చూశారు కదా, సరిగ్గా అదే సూత్రం. అందులో మందు, ఇందులో ఆవిరి. యంత్రం ఇంతే. విడి భాగాలు తక్కువ, చోటు తక్కువ, బరువు తక్కువ. రాళ్ళబండ్ల లైనుకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

కాని చిక్కొకటుంది. విష్ణుచక్రం గిర్రున తిరిగినంతసేపే దానికి బలం. మెల్లగా తిప్పితే ఆవిరి వృథాగా పోతుంది. బండి చక్రమేమో బయల్దేరేటప్పుడు మెల్లగానూ, బలంగానూ తిరగాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చాలంటే పళ్ళచక్రాల మీద పళ్ళచక్రాలు పెట్టుకుపోవాలి, అప్పుడిక చిన్న యంత్రమన్న సుఖం కాస్తా పోతుంది. అందుకే ఈ రకం ఇంజను రైలు పట్టాల మీద ఎక్కడా నిలవలేదు. అలాగని ఆ ఊహ చచ్చిపోనూ లేదు. 1884లో పార్సన్స్ తయారుచేసిన ఆవిరి టర్బయిను దీనికి దగ్గర చుట్టమే. మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనులో కరెంటు పుట్టించేవి కూడా ఆవిరి టర్బయిన్లే. బండి లాగడానికి పనికిరాని తిరుగుడు దీపం వెలిగించడానికి పనికొచ్చింది.

ఇక్కడ నా సబ్జెక్టు సంగతి రెండు మాటలు చెప్పనివ్వండి. ఇంజనును అన్ని కొలతల్లోనూ సగం చేశామనుకోండి. బరువు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నిప్పు మండే గూడూ, బాయిలరు పైవైశాల్యమూ మాత్రం నాలుగో వంతుకే తగ్గుతాయి. అంటే లోపలి నీళ్ళతో పోలిస్తే వేడి కోల్పోయే ఒళ్ళు రెట్టింపన్నమాట. చిన్న గ్లాసులో పోసిన కాఫీ గుండిగలో కాఫీకంటే ముందే చల్లారినట్టు, చిన్న ఇంజనులో బొగ్గు ఎక్కువ దండగవుతుంది. ఇది దాని తప్పు. మరి దాని ఒప్పేమిటంటారా? సన్నని పట్టా చాలు, చిన్న వంతెన చాలు, వీధి మలుపంత మలుపులో కూడా తిరుగుతుంది. ఖర్చు బొగ్గులో పెరిగినా దారిలో తగ్గుతుంది. కనక చిన్న ఇంజను మంచిదా చెడ్డదా అని విడిగా అడగడం తప్పు. ఏ దారికి, ఏ పనికి అని అడగాలి.

పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వేల్సులోనే ఫెస్టినియోగ్ అని పలకరాతి గనుల లైనొకటుంది. పట్టాల మధ్య ఎడం రెండడుగులకు కాస్త తక్కువ. అంత ఇరుకు దారి మీద ఆవిరి ఇంజను నడవదని పెద్దలు అంటుండగానే 1863లో సుమారు ఎనిమిది టన్నుల ఇంజన్లను నడిపించారు. మన డార్జిలింగ్ లైను 1881లో పూర్తయింది. ఎడం రెండడుగులు. అక్కడ పేరుకెక్కిన నాలుగు చక్రాల ఇంజను బరువు సుమారు పదిహేను టన్నులు. చక్రాల పట్టు బరువులో అయిదో వంతనుకుంటే లాగుడు మూడు టన్నులు. పాతిక అడుగులకు ఒక అడుగు లేచే కొండదారిలో ఎక్కుడూ రాపిడీ కలిపి టన్నుకు యాభై కిలోల లాగుడు కావాలి. అంటే తనతో సహా అరవై టన్నులు, తన బరువు తీసేస్తే నలభై అయిదు. అదే పట్టుతో చదును నేల మీద, కాగితం లెక్కలో, అయిదారు రెట్లు కదలాలి. మన దేశపు బ్రాడ్‌గేజి మీద దర్జాగా తిరిగిన డబ్ల్యు.పి. ఇంజను, టెండరుతో కలిపి నూట డెబ్బై టన్నుల పైచిలుకు. దాన్ని డార్జిలింగు పట్టాల మీద నిలబెట్టనైనా లేము. డార్జిలింగు బుల్లిదాన్ని తెచ్చి మద్రాసు మెయిలుకు తగిలించనూ లేము. ఎవరి దారి వారిది.

కాటన్‌కు ఈ సంగతి అందరికంటే ముందే బోధపడిందని నా నమ్మకం. కాని ఆయన్ను ఇంజను నుంచి కాలువ వైపు తిప్పింది ఈ లెక్కలొక్కటే కాదు, చావు. అదీ మన గుంటూరు సీమ చావు.

1832–33, నందన నామ సంవత్సరం. వానల్లేవు. ఆ ఏడు మనవైపు వచ్చిన కరువును డొక్కల కరువంటారు. గుంటూరు జిల్లాలో అప్పటి జనం సుమారు అయిదు లక్షలు. అందులో రెండు లక్షల మంది పోయారని ప్రభుత్వపు లెక్కలు. ప్రతి అయిదుగురిలో ఇద్దరు! పక్కనే కృష్ణ పారుతోంది. ఆ నీళ్ళు సముద్రంలో కలుస్తున్నాయి, ఈ జనం మట్టిలో కలుస్తున్నారు. వేరే చోట ధాన్యం ఉన్నా తేవడానికి వీల్లేదు. ఎందుకంటే తెచ్చేది ఎడ్లబండి. గడ్డీ నీళ్ళూ లేక ముందు చచ్చింది ఎడ్లే. కరువంటే పంట లేకపోవడం ఒక్కటే కాదు, బండి లేకపోవడం కూడా.

కాబట్టి నీళ్ళూ కావాలి, బండీ కావాలి. ఈ రెండు పనులూ ఒక్కటే చేసేదేమిటి? కాలువ! అప్పటి ఇంజనీర్లు వాడే లెక్కొకటి ఉంది. ఒక గుర్రం మంచి రాతిరోడ్డు మీద సుమారు రెండు టన్నులు లాగుతుంది. ఇనప పట్టాల మీద ఎనిమిది, పది టన్నులు. అదే గుర్రం కాలువగట్టున నడుస్తూ పడవను లాగితే ముప్ఫై నుంచి యాభై టన్నులు. వేగం అక్కర్లేని సరుక్కు నీటిని మించిన పట్టా లేదు. పైగా రైలు పట్టా పొలాన్ని తడపదు.

మధ్యలో ఆరోగ్యం చెడి కాటన్ ఆస్ట్రేలియా వైపు విశ్రాంతికి వెళ్ళాడు. 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్ళాడాడు. తిరిగొచ్చి గోదావరి మీద పడ్డాడు. 1844లో నివేదిక రాశాడు, 1847లో పని మొదలయింది, 1852లో ఆనకట్ట పూర్తయింది. నది నాలుగు పాయలుగా ఉన్నచోట, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టిన కట్టడమది. నది అక్కడ బాగా వెడల్పు. మరి ఆ చోటే ఎందుకు? ఒడ్డునే కొండ ఉంది గనక. కొండరాయిని నదికి మోయడానికి మళ్ళీ ఆ పాత నేస్తాన్నే పిలిచాడు. ధవళేశ్వరంలో ఇనప పట్టాలు వేయించి రాళ్ళబండ్లు నడిపించాడు. రెడ్‌హిల్స్‌లో నేర్చుకున్న విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ పట్టాలు ఏ రాజధానినీ ఏ రేవుతోనూ కలపలేదు. కొండను నదితో కలిపాయి. పని అయ్యాక వాటి ఋణం తీరిపోయింది.

ఇదంతా దొర ఒక్కడే కట్టాడని చెప్పడం అన్యాయమవుతుంది. రాయి కొట్టినవాళ్ళూ, మోసినవాళ్ళూ వేలాదిమంది మన కూలీలు. దొరకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న మన తెలుగువాడే. కంపెనీ వారికి కూడా ఇదేమీ ధర్మకార్యం కాదు, నీరు పారితే శిస్తు పెరుగుతుందన్న లెక్క వాళ్ళది. అయినా ఆ లెక్కను వాళ్ళ చేత వేయించడానికి కాటన్ ఎన్ని కాగితాలు రాశాడో, ఎందరి చేత మాటపడ్డాడో!

గోదావరి ముగియగానే మన కృష్ణ వంతు. ఆయన ప్రోత్సాహంతో, ఆయన పద్ధతిలోనే, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ బెజవాడ దగ్గర 1852 నుంచి 1855 వరకు ఆనకట్ట కట్టాడు. ఇక్కడా ఒడ్డున కొండలున్నాయి, రాయికి కొదవలేదు. సీతానగరం వైపు నుంచి బయల్దేరిన నీళ్ళు పశ్చిమ డెల్టా అంతా పాకాయి. తెనాలి మీదుగా నిజాంపట్నం కాలువ, ఇటు కొమ్మమూరు కాలువ. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిసింది. బెజవాడలో ఎక్కించిన ధాన్యం బస్తా పడవ దిగకుండా మద్రాసు చేరిన రోజులున్నాయి. మా చెరుకుపల్లి చుట్టుపక్కల నేలలు మాగాణి అయ్యాయంటే ఆ నీటి చలవే.

ఇక రైళ్ళతో పోట్లాట. అప్పటి ప్రభుత్వం సీమ రైలు కంపెనీలకు నూటికి అయిదు చొప్పున లాభం పూచీ పడింది. లాభం రాకపోతే ఆ తగ్గింది ఇక్కడి రైతు శిస్తులోంచి పూడ్చాలి. పెట్టుబడి వాళ్ళది, నష్టం మనది. అందుకని పొదుపు చెయ్యవలసిన అగత్యం ఎవరికీ లేకపోయింది. వెడల్పు పట్టాలు, బరువు ఇంజన్లు, భారీ వంతెనలు. కాలువలకు మాత్రం చిల్లర విదిలింపు. కాటన్ దీని మీద 1854లో పుస్తకం రాశాడు. 1861లో సర్ బిరుదం ఇచ్చారు, ఆ రోజుల్లోనే ఉద్యోగం విరమించి ఇంగ్లండు వెళ్ళిపోయాడు, అయినా నోరు కట్టుకోలేదు. 1876–78 నాటి ధాత కరువులో దక్షిణాదిన లక్షలాదిమంది పోయారు. రైళ్ళు అప్పటికే ఉన్నాయి. రైలు ఉన్న ధాన్యాన్ని అటూ ఇటూ మోయగలదే కాని గింజను పుట్టించలేదు కదా. ఆ కరువులో గోదావరి, కృష్ణా డెల్టాలు తాము తిని బయటికి కూడా ధాన్యం పంపాయి. 1878లో పార్లమెంటు కమిటీ ముందు డెబ్బై అయిదేళ్ళ ముసలాయన ఇదే వాదించాడు. కమిటీ ఆయన మాట నెగ్గనివ్వలేదు.

ఆయన చెప్పిందంతా వేదమని నేననను. కాలువల మీద పడవ రాబడి తండోపతండాలుగా వస్తుందన్న ఆశ నిజం కాలేదు. ఆయన బలపరచిన కర్నూలు–కడప కాలువ కంపెనీకి నష్టమే మిగిల్చింది. ప్రభుత్వం 1882లో దాన్ని కొనెయ్యవలసి వచ్చింది. గోదావరిలో పండిన ఉపాయం రాయలసీమ నేలలో అలాగే పండలేదు. చిత్రం చూడండి! దారిని బట్టి ఇంజను అన్న సూత్రం తెలిసినవాడే నేలను బట్టి కాలువ అన్న సంగతి దగ్గర తొందరపడ్డాడు. ఎంత పెద్దవాళ్ళకైనా తాము గెలిచిన చోటే లోకమంతా ఉందనిపిస్తుంది కాబోలు.

ముసలితనంలో డార్కింగ్ అనే ఊళ్ళో ఉంటూ, పెరట్లో నేల లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ గడిపాడు. 1899 జులై 24న తొంభై ఆరో ఏట కన్నుమూశాడు. సరిగ్గా ఆ ఏడే బెజవాడ–మద్రాసు రైలు దారి కలిసింది. తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల మీదుగా, ఆయన కాలువలను దాటుకుంటూ పెద్ద ఇంజన్లు పరుగెత్తాయి. ఆ బండ్లు మోసిన బియ్యం ఏ నీటితో పండిందో వేరే చెప్పాలా?

మరుసటి ఏడు 1900లో పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నౌపడా నుంచి తన ఊరికి బుల్లి రైలు వేయించుకున్నాడు. పట్టాల ఎడం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజి 1676. టెక్కలి, పాతపట్నం జనానికి ఆ చిన్న ఇంజన్లే పెద్ద దిక్కయ్యాయి. 1931లో లైను గుణుపురం దాకా సాగింది. బ్రాడ్‌గేజి వెయ్యడానికని 2004లో ఆపేదాకా నూరేళ్ళ పైన నడిచింది. పెద్ద రైలు రాని చోటికి వచ్చింది కనకనే దానికి అంత ఆయుష్షు. కాటన్ చూసి ఉంటే దీన్ని తప్పుపట్టి ఉండేవాడు కాదనే నాకు తోస్తుంది. ఆయన కోపం పట్టాల మీద కాదు, పేదవాడి సొమ్ముతో అట్టహాసం చెయ్యడం మీద.

రెడ్‌హిల్స్ పట్టాలు ఎప్పుడో పోయాయి. ధవళేశ్వరం రాళ్ళబండ్లూ పోయాయి. బెజవాడ పాత ఆనకట్ట 1952 వరదలో తెగింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ధవళేశ్వరంలోనూ పాతదాని బదులు 1982 నాటికి కొత్త బ్యారేజి కట్టి కాటన్ పేరే పెట్టారు. కొమ్మమూరు కాలువలో సరుకు పడవలు లేవు. వస్తువులన్నీ మారిపోయాయి. నీరు పారే దారి మాత్రం మారలేదు. నారుమళ్ళ రోజులకు కాలువ వదిలారా లేదా అని మా వైపు రైతు ఇప్పటికీ అడుగుతాడు. రైలు ఆలస్యమైతే మనం విసుక్కుంటాం. కాలువ ఆలస్యమైతే అతనికి ఏడాది పోతుంది.

విద్యార్థి మిత్రులు రేపు ఇంజనీర్లవుతారు, ఆఫీసర్లవుతారు, లెక్చరర్లవుతారు. మీ బల్ల మీదకు పెద్ద పెద్ద ప్లానులు వస్తాయి, చిన్నవీ వస్తాయి. ఆ ఇంజను బరువెంత అని కాక, అది ఎవరి పొలానికి, ఎవరి ఊరికి, ఎవరి డబ్బుతో అని అడిగే అలవాటు మీకుంటే చాలు. గుంటూరు సీమలో ఆ ప్రశ్న అడిగేవాడు లేక రెండు లక్షల మంది పోయారు. అడిగేవాడొకడు వచ్చాక మా ఊళ్ళు నిలిచాయి.